తాళ్లంగడి మేడమీద ఆదివారాలు

ఆదివారం పొద్దున జార్జి టౌన్ సందుల్లో మనుషులు తక్కువ. మిగతా రోజుల్లో ఒకరినొకరు రాసుకుంటూ నడిచే చోట షట్టర్లు దించి ఉంటాయి, తోపుడుబండ్లు గోడలకు చేరగిలబడి ఉంటాయి. సునయన ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగి, ఆ సందుల్లో పడి నడిచి, వరదరాజులు తాళ్ల అంగడి ముందు ఆగుతుంది. ఆయన షట్టరు సగానికి ఎత్తి, "రామ్మా, తల జాగ్రత్త" అంటాడు. ప్రతివారం అదే మాట. ప్రతివారం ఆమె తల వంచి లోపలికి పోతుంది.

కింద కొబ్బరి తాళ్లు, నైలాన్ తాళ్లు, టార్పాలిన్ చుట్టలు. చెక్కమెట్లు ఎక్కితే పైన ఒక గది, గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. అక్కడే వాళ్ల క్విజ్. ప్రైజులు లేవు, చూడడానికి జనం లేరు. కాలేజీ రోజుల్లో క్విజ్‌లకు తిరిగి ఆ పిచ్చి వదలని నలుగురు ఎన్నో ఏళ్లుగా అక్కడ చేరుతున్నారు. ప్రశ్నలడిగేది వరదరాజులు. జవాబులు చెప్పేది సునయన, పళ్ల డాక్టరు పంకజం, కోడంబాక్కంలో సినిమాలకు డబ్బింగ్ చెప్పే శ్రీకుమార్.

"ప్రపంచంలో అన్నిటికన్నా లోతైన సరస్సు?" అన్నాడు వరదరాజులు ఆ ఆదివారం.

"బైకాల్," అంది సునయన.

గదిలో చలి దిగింది. కిటికీ అద్దాల మీద పొగలాగా మంచు పట్టింది. పంకజం కుర్చీ వెనక వేలాడుతున్న శాలువ తీసి కప్పుకుంది. శ్రీకుమార్ వేడి కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. కాసేపటికి చలి తగ్గింది. వరదరాజులు పాయింట్లు వేసి తరవాతి ప్రశ్నకు పోయాడు.

ఆ గదిలో అంతే. జవాబు సరైనదైతే అది కాస్త గదిలోకి వస్తుంది, తప్పయితే ఏమీ రాదు. అటకామా ఎడారి అంటే బల్లమీద ఇసుక పడుతుంది, పంకజం ముందుగానే కాఫీ మీద మూత పెడుతుంది. నైలు నది అంటే నేల తడుస్తుంది, శ్రీకుమార్ చెప్పులు తీసి కిటికీలో పెడతాడు. మూలన ఒక బకెట్టూ చీపురుకట్టా ఎప్పుడూ ఉంటాయి. ఇదివరకు వరదరాజులు ప్రశ్నలతోపాటు జవాబులు కూడా రాసుకొని వచ్చేవాడు. అవసరం లేదని మానేశాడు. జంతువుల ప్రశ్నలు కూడా మానేశాడు. ఒకసారి శ్రీకుమార్ నీటిగుర్రమని సరిగ్గా చెప్పినందుకు ఆ కంపు తాళ్లకు పట్టి వారమంతా పోలేదు. తుత్తుకుడి నుంచి వచ్చిన బేరగాడు ముక్కు మూసుకొని వెనక్కి పోయాడు.

"చలెయ్యలేదా నీకు?" అంది పంకజం, సునయన ఉత్త చేతుల వంక చూసి.

"లేదక్కా."

అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఎప్పుడూ ఆమెవే. గెలిచినా ఆమె ముఖంలో ఏమీ కదలదు. ఆ గది పద్ధతికి ఎట్లా అలవాటుపడ్డారో దానికీ అట్లాగే అందరూ అలవాటుపడిపోయారు.

సునయన భర్త వెంకట్రామ్ హార్బరులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేసేవాడు. మూడు నాలుగేళ్ల కిందట ఒక ఉదయం ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కొని, సాయంత్రం ఆలస్యమవుతుందని చెప్పి పోయాడు. ఆ ఆలస్యం ఇంకా తీరలేదు. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. పోలీసులకు చెప్పారు. ఆస్పత్రులు తిరిగారు. శవాల గది ముందు పంకజం ఆమె చెయ్యి పట్టుకొని నిలబడింది. ఎక్కడా లేడు. మొదటి రోజుల్లో సునయన ఏడ్చింది, తరవాత అది కూడా ఆగిపోయింది. పొద్దున్నే లేచి వంట చేసుకొని, మందుల హోల్‌సేల్ కంపెనీలో లెక్కలు చూసి, ఇంటికొచ్చి పడుకుంటుంది. ఆయన ఫోనును రోజూ చార్జింగుకు పెడుతుంది.

ఆయన పోయిన కొన్నాళ్లకు పంకజం క్విజ్‌కు ఒక రూలు పెట్టింది. పుస్తకాల్లో ఉండే ప్రశ్నలే అడగాలి, సొంత విషయాలు అడగరాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. సునయన కూడా తల ఊపి ఊరుకుంది.

వాళ్ల ఇల్లు చింతాద్రిపేటలో, కూవం పక్క సందులో. నడవా చుట్టూ వరసగా పోర్షన్లు. ఇప్పుడు వాటిలో ఉంటున్నది సునయన ఒక్కతే. ఓనరు కృష్ణస్వామి ఆ పాత కట్టడం పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి ఇచ్చేశాడు. మిగతావాళ్లంతా సామాను ఎత్తుకొని పోయారు. వాళ్ల పోర్షన్ల తలుపులూ కిటికీలూ ఊడదీసేశారు. కుళాయి ఆపేశారు. సునయన వీధిలోని పంపు నుంచి ప్లాస్టిక్ బిందెతో నీళ్లు తెచ్చుకుంటోంది.

కృష్ణస్వామి మంచివాడు. వచ్చినప్పుడల్లా గడప బయటే నిలబడి మాట్లాడతాడు.

"ఏమ్మా, ఇంకా ఎన్నాళ్లు? పక్క గోడ తీసేస్తే నీ గోడ నిలవదు. నేను నిన్ను పొమ్మనడానికి రాలేదు, భయమేసి వచ్చినాను."

"చూస్తాను సార్."

"ఇదే మాట చెప్తావు ఎప్పుడూ."

"ఆమా సార్," అని ఒప్పుకుంది సునయన.

ఆ వారం మధ్యలో కూతురు మధుమిత వచ్చింది. గిండీలో ఉద్యోగం, ఆడనే హాస్టల్లో ఉంటోంది. చిన్నప్పటి నుంచి తమిళంలోనే మాట్లాడే పిల్ల, అమ్మతో మాత్రం తెలుగు. సాయంత్రం వాన పడి ఆగింది. నడవాలో ఇటుకపొడి బురద అయింది. లోపలికి అడుగుపెట్టేసరికి నేలమీద పొయ్యి దగ్గర నుంచి తలుపుదాకా, తలుపు నుంచి మళ్లీ పొయ్యిదాకా ఎర్రటి అడుగుల మచ్చలు కనిపించాయి.

"అమ్మా, కాల్లో ఏమది?"

"ఏముంది?" అని సునయన కిందికి చూసుకుంది. అరికాలు తెగి నెత్తురు కారుతోంది. "గాజుపెంకు అయుంటుంది. పక్క పోర్షన్లో కిటికీలు పీకినారు కదా."

"నొప్పి తెలియలేదా నీకు?"

సునయన కాసేపు ఆలోచించి, "లేదే" అంది.

మధుమిత ఆమెను కూర్చోబెట్టి, కాలు కడిగి, దుపట్టా చింపి కట్టింది. కట్టు కట్టే పిల్ల చేతుల వంక తల్లి, ఎవరి చేతులో అన్నట్టు ఊరికే చూస్తూ కూర్చుంది.

"పోదామమ్మా. చాలు. నువ్వీడ ఉండొద్దు. శ్రీకుమార్ అంకుల్ వాళ్ల వీధిలో ఇల్లు ఖాళీగా ఉందంట. నేను హాస్టల్ వదిలేస్తాను, ఇద్దరం ఆడ ఉందాం."

"మీ నాయన వస్తే?"

"వస్తే ఎవరినైనా అడిగి తెలుసుకుంటారు."

"ఎవరుండారు అడగడానికి? అందరూ పోయినారు. మన నెంబర్లు ఆయనకు నోటికి రావు. ఆయనకు తెలిసింది ఈ ఇల్లే."

మధుమిత నేలమీది నెత్తుటి మచ్చలు తుడిచింది. తరవాత, "మీ క్విజ్‌లో అడగొచ్చు కదా?" అంది.

"సొంత విషయాలు అడగరు."

"ఎందుకు అడగరు?"

"రూలు."

"నువ్వు ఎప్పుడన్నా అడుగుదామనుకున్నావా?"

సునయన కట్టు వంక చూసింది. అడుగుదామనుకోలేదు. వద్దనీ అనుకోలేదు. ప్రతి ఆదివారం ఆ ప్రశ్న ఆ మెట్లమీద ఆమెతోపాటు ఎక్కుతుంది, ఆమెతోపాటు దిగుతుంది. అంతకుమించి దానితో ఆమెకు పని పడలేదు.

"అన్నం తిన్నావా?" అంది కూతురితో.

ఆ ఆదివారం మధుమిత కూడా వచ్చింది. షట్టరు కింద తల వంచి వచ్చిన పిల్లను చూసి వరదరాజులు సంబరపడ్డాడు. "ఎంత పొడుగైపోయినావు! రా, రా" అని తన కుర్చీ ఇచ్చి, తను తాళ్లచుట్ట ఒకటి పైకి మోసుకొచ్చి దానిమీద కూర్చున్నాడు. పంకజం వడలు పంచింది. క్విజ్ మామూలుగానే సాగింది. జాజికాయ మొదట ఏ దీవుల్లో పండేదన్న ప్రశ్నకు శ్రీకుమార్ తన గంభీరమైన గొంతుతో బాందా దీవులన్నాడు. గదంతా ఘుమఘుమలాడింది. సూయజ్ కాలువ ప్రశ్నకు సునయన రెండు సముద్రాల పేర్లూ చెప్పింది. పెదవుల మీద ఉప్పు అంటుకుంటే పంకజం పైటచెంగుతో తుడుచుకుంది.

వరదరాజులు తెచ్చిన ప్రశ్నలు అయిపోయాయి. ఆయన మర్యాదకు, "నువ్వొకటి అడుగమ్మా. కొత్తగా వచ్చినావు, నీ వంతు" అన్నాడు.

మధుమిత తలెత్తకుండా అడిగింది. "మా నాయన వెంకట్రామ్ ఇప్పుడు ఎక్కడుండారు?"

శ్రీకుమార్ వడ తుంచుతున్నవాడు ఆగిపోయాడు.

"పాపా, అది కాదు..." అని పంకజం మొదలుపెట్టి, వరదరాజులు వైపు తిరిగింది.

ఆయన చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "రూలు నాకూ తెలుసు పంకజం. కానీ అడిగేసింది. అడిగినాక లేదనలేం కదా" అన్నాడు మెల్లగా. "సునయనా, వంతు నీది. వద్దనుకుంటే వద్దని చెప్పు."

"పాస్," అంది సునయన.

ప్రశ్న శ్రీకుమార్‌కు పోయింది. ఆయనా పాస్ అన్నాడు. పంకజం తల అడ్డంగా ఊపింది. తిరిగి తిరిగి ప్రశ్న అడిగిన పిల్ల దగ్గరికే వచ్చింది. మధుమిత కళ్లు గట్టిగా మూసుకొని, ఎప్పటి నుంచో నోట్లో ఉంచుకున్నదాన్ని ఉమ్మేసినట్టు, "చనిపోయినారు" అంది.

అందరూ ఎదురుచూశారు. ఫ్యాను తిరుగుతోంది. సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. గదిలోకి ఏమీ రాలేదు.

మధుమిత కళ్లు తెరిచి నలుగురి ముఖాలూ చూసింది. "అట్లయితే..." అని, మాట పూర్తి చేయలేక ఏడవడం మొదలుపెట్టింది. పంకజం లేచి వచ్చి ఆమెను పొదువుకుంది.

సునయన కదలలేదు. కూతురు ఏడుపు దూరంగా ఎక్కడో వినిపిస్తోంది. వెంకట్రామ్ కాలేజీ చదువు చదవలేదు, పుస్తకాలు ముట్టలేదు. ఆమె క్విజ్‌కు తయారవుతుంటే, ఇవన్నీ తెలుసుకొని ఏం చేస్తావని నవ్వేవాడు. ఆయనకు తెలిసిన ఊళ్లన్నీ ఓడలొచ్చే ఊళ్లే. ఆమె బల్లమీద చేతులు పెట్టుకొని, ముందున్న గోడమీద పటం ఉన్నట్టు చూస్తూ, ఒక్కొక్క పేరే చెప్పసాగింది.

"కృష్ణపట్నం."

ఏమీ లేదు.

"కాకినాడ. విశాఖపట్నం."

ఏమీ లేదు. ఇన్ని తప్పులు ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"పారదీప్. హల్దియా." కాస్త ఆగి, దక్షిణానికి తిరిగింది. "తుత్తుకుడి. కొచ్చి."

"చాలమ్మా," అన్నాడు వరదరాజులు.

"మంగళూరు," అంది సునయన.

వాన మొదలైంది. మొదట పెంకుల మీద చప్పుడు. ఆ మేడకు పెంకులు లేవు. తరవాత పైనుంచి సన్నటి జల్లు బల్లమీద, వడల మీద, వాళ్ల తలల మీద పడింది. కొబ్బరినూనెలో చేపలు వేగుతున్న వాసన వచ్చింది. సునయన ఇంట్లో వెంకట్రామ్ చేపల పేరెత్తనిచ్చేవాడు కాదు. గిన్నె దించిన చప్పుడు అయింది. ఒక ఆడమనిషి ఏదో అడిగింది. అది ఏ భాషో సునయనకు తెలుసు గానీ మాటలు అర్థం కాలేదు. ఒక మగమనిషి గొంతు సవరించుకున్నాడు.

మధుమిత పంకజం భుజం మీది నుంచి తల ఎత్తింది.

ఆ గొంతు తడుముకోకుండా ఆ భాషలోనే జవాబు చెప్పింది. ఆడమనిషి నవ్వింది. తరవాత ఆయన ఈల వేయసాగాడు. ఏ పాటా కాదు, తీరుబడిగా ఉన్న మనిషి వేసే ఈల. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు ఈల వేయడం వచ్చని సునయనకు తెలియదు. ఆమె వింటూ కూర్చుంది. ఈల దూరమైంది, వాన పలచబడింది, వాసన పోయింది. బల్ల అంచు నుంచి నీటిబొట్లు కారుతూ ఉండిపోయాయి.

"కరెక్టు," అన్నాడు వరదరాజులు అలవాటుకొద్దీ. అని, నాలుక కరుచుకొని తల దించుకున్నాడు.

 శ్రీకుమార్ లేచి పొడిగుడ్డతో బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"లే అమ్మా," అంది మధుమిత. ముఖం ఎర్రబడిపోయింది. "ఈరోజే పోదాం. ట్రైనెక్కి పోయి ఆ ఇల్లెక్కడుందో వెతికి అడుగుదాం."

"ఏమని?"

"ఎందుకు పోయినారని. ఎట్ల పోగలిగినారని."

"అడుగు. నీకు అడగాలనుంటే పోయి అడుగు, నేను వద్దనను," అంది సునయన. "నాకు ఒకటే తెలియాల్సింది. ఎదురుచూడాలా, వద్దా అని. ఇంకొక దానికి అంత దూరం పోలేను."

"కోపం లేదా నీకు?"

సునయన జవాబు చెప్పబోయి ఆగింది. తడిసిన జాకెట్టు వీపుకు అంటుకొని ఉంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆమె వంగి అరికాలు పట్టుకుంది.

"కాలు నొప్పిగా ఉంది," అంది ఆశ్చర్యంగా. "చాలా నొప్పిగా ఉంది పంకజమక్కా."

పంకజం ఆమె ముందు నేలమీద కూర్చొని, కట్టు విప్పి చూసింది. "ఇట్లాంటి కాలు పెట్టుకొని ఎట్ల నడిచినావే?" అని తిట్టింది. ఆ తిట్టు వింటూ సునయన ఏడ్చింది. మొదట ఏ చప్పుడూ లేదు. తరవాత గట్టిగా, కింది అంగడిదాకా వినిపించేటట్టు ఏడ్చింది. వరదరాజులు మెట్లమీదికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె కృష్ణస్వామికి ఫోను చేసి ఖాళీ చేస్తున్నానని చెప్పింది. ఆయన కాసేపు నమ్మలేదు.

ఇల్లు సర్దడానికి పెద్ద పనేమీ పట్టలేదు. రెండు బీరువాలు, వంటసామాను, పుస్తకాల అట్టపెట్టెలు. మధుమిత గోడ మేకులకు వేలాడుతున్న నాయన చొక్కాల దగ్గర ఆగి, "ఇవి?" అంది. ఉతికి, ఇస్త్రీ చేసి, దుమ్ము పట్టినప్పుడల్లా మళ్లీ ఉతికిన చొక్కాలు.

"ఈడే ఉండనీ," అంది సునయన.

చార్జింగు వైరు నుంచి ఆయన ఫోను తీసి, ఒక చొక్కా జేబులో పెట్టింది. టెంపో కదిలేటప్పుడు తలుపు తాళం వేయలేదు. రేపో మాపో ఆ తలుపు కూడా ఊడదీస్తారు.

కోడంబాక్కం ఇల్లు రైలుపట్టాలకు దగ్గర. మేడమీద రెండు గదులు, ఎండ పడే వంటిల్లు. ఓనరు నాగప్పన్ రిటైరయిన మనిషి, లుంగీ మీద తువ్వాలు వేసుకొని మెట్ల దగ్గర నిలబడి సామాను ఎక్కడం చూస్తున్నాడు. శ్రీకుమార్ చెప్పినందువల్ల ఆయన పెద్దగా ఏమీ అడగలేదు. తాళంచెవులు ఇచ్చేముందు మాత్రం, ఎవరైనా అడిగేదే అడిగాడు.

"ఇంట్లో ఎంతమందమ్మా?"

మధుమిత చేతిలో కుక్కరు పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. రేషన్ కార్డు ఆఫీసులోనూ, జనాభా లెక్కలవాళ్లకూ, గ్యాసు బండ అబ్బాయికీ అమ్మ ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పడం ఆమె విన్నది. ముగ్గురమని, వెంటనే, తడుముకోకుండా.

"ఇద్దరమే సార్," అంది సునయన. "నేనూ, నా కూతురూ."

చెప్పి, జవాబు చెప్పిన తరవాత చూసే అలవాటుకొద్దీ నేల వైపు చూసింది. సిమెంటు నేల, పొడిగా ఉంది. కింద ఎలక్ట్రిక్ ట్రైను ఒకటి తాంబరం వైపు పోయింది.

"సెరిమా," అని నాగప్పన్ తాళంచెవులు చేతిలో పెట్టాడు. "నీళ్లు పొద్దున్నే వస్తాయి. నిండా పట్టుకోండి."

మధుమిత కుక్కరు కింద పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది. కూతురి అరచేతిలో చెమట తగిలింది, వేళ్ల చివరలు చల్లగా ఉన్నాయి. సునయన ఆ చేతిని వదలకుండా తలుపు తీసింది.